ఊరు వదిలిన ఊరు

చీరాల నేతపేట. 1921 ఏప్రిల్ ఆఖరు రోజులు. కోడి ఇంకా కూయలేదు గానీ వీధి మొత్తం మేలుకునే ఉంది.

మామూలు రోజైతే ఈపాటికి పడుగులు వీధి పొడుగునా సాగదీసి, ఎండ ముదరకముందే గంజి పట్టిస్తూ ఉండేవాళ్ళు. నూలు మీద కుంచె నడిచే చప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపించేది. ఈ తెల్లవారుజామున అది లేదు. తాళ్ళు బిగిస్తున్న చప్పుడు, ఎడ్ల మెడల్లో మువ్వలు, అటక మీద నుంచి సామాను దించేవాళ్ళ "మెల్లగా, మెల్లగా" అన్న కేకలు. వీధి పొడుగునా బండ్లు. బండ్లు లేనివాళ్ళ దగ్గర కావిళ్ళు. కావిడి కూడా లేనివాళ్ళ నెత్తిన మూటలు.

ఒక ఇంటి ముందు ఆగండి. తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఒక నేతగాడు గుడ్డి దీపం వెలుగులో మగ్గం విప్పుతున్నాడు. అచ్చును పాత పంచెలో పసిపిల్లను చుట్టినట్టు చుట్టాడు. నాడె మొలలో దోపుకున్నాడు. కండెలు గంపలోకి, రాట్నం బండి మీదికి. కర్రలన్నీ విప్పి కట్ట కట్టాడు. ఇక మిగిలింది గుంట. కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుని, తాత తొక్కిన చోట తండ్రి, తండ్రి తొక్కిన చోట తాను తొక్కుతూ వచ్చిన మగ్గం గుంట. అంచులు అరిగి నున్నబడ్డాయి. దాన్ని మాత్రం ఏ బండీ మోయలేదు. అతను కాసేపు దాని అంచున కూర్చుని లేచాడు.

"అమ్మా, దీపం ఆర్పి రా."

"పొయ్యే ఇంట్లో దీపం ఆర్పుతారట్రా? చమురున్నంతసేపు వెలుగుద్ది. ఆనక అదే కొండెక్కుద్ది."

ముసలమ్మ గడపకు పసుపు రాసి బొట్టు పెట్టింది. తాళం వెయ్యలేదు. తాళం వేసుకునేంత సామాను లోపల లేదు.

వీధి మలుపులో ఇంకో బండి. దాని మీద బానలు, తిరగలి, కోళ్ళ గంప, ఎండు మిరపకాయల బస్తా, వాటన్నిటి పైన నులక మంచం, మంచం మీద జ్వరంతో కదల్లేని మనిషి. పక్కన నడుస్తున్న కుర్రాడు ఎవరినో అడుగుతున్నాడు: "ఎంత దూరం పోవాల బాబాయ్?"

"ఎంతో లేదురా. మునిసిపాలిటీ హద్దు దాటితే చాలు."

ఆ ఒక్క మాటలో మొత్తం కథ ఉంది. వీళ్ళు కరువుకు భయపడి పోవడం లేదు. కలరాకు భయపడి పోవడం లేదు. సర్కారు నేల మీద గీసిన ఒక గీత అవతలికి పోతున్నారు. చీరాల, పేరాలల్లో అంతా కలిపి సుమారు 15 వేల మంది. వాళ్ళలో 13 వేలకు పైగా మనుషులు, సాలెవాళ్ళు, కోమట్లు, కుమ్మర్లు, మంగళ్ళు, కాపులు, కూలీలు, ఈ కొద్దిరోజుల్లో ఆ గీత దాటుతారు. వెనక ఇళ్ళుంటాయి. ఊరుండదు.

నాలుగు వేలు, నలభై వేలు

ఆ గీత ఎలా పుట్టిందో తెలియాలంటే రెండేళ్ళు వెనక్కి నడవాలి.

చీరాల, పేరాల జంట ఊళ్ళు. అప్పటికి గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా. మద్రాసు నుంచి బెజవాడ పోయే రైలుదారి మీద, సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో ఉంటాయి. పైన గుంటూరు వైపంతా నల్లరేగడి, పత్తి, మిరప. ఇక్కడికి వచ్చేసరికి కాళ్ళ కింద ఇసుక. ఈ ఇసుక మీద బతికేది నేత. నూనె, బూడిద నీళ్ళు, ఎర్ర రంగు కలిపి తీసిన చీరాల తేలియా రుమాళ్ళు సముద్రం దాటి అరబ్బు దేశాల దాకా పోయాయి. నేసిన మనిషి మాత్రం ఆ గుంటలోంచి లేవలేదు.

పక్కనున్న జాండ్రపేట, వీరరాఘవపేటలతో కలిపి ఈ ఊళ్ళకు ఒక యూనియన్ ఉండేది. ఏడాదికి పన్ను సుమారు 4,000 రూపాయలు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను మునిసిపాలిటీ చేసింది. పన్ను 40,000 దాకా పెరుగుతుందని లెక్క తేలింది.

ప్రభుత్వం చెప్పిన కారణాన్ని కొట్టిపారెయ్యలేం. ఊరు పెరిగింది, మురుగు పోవాలి, వీధులు బాగుపడాలి, మంచినీళ్ళు రావాలి. కానీ ఆ మాట ఒక నేతగాడి గడప దగ్గర నిలబడి వినండి. యుద్ధం పుణ్యమా అని నూలు ధర, బియ్యం ధర ఎక్కి కూర్చున్నాయి. వారమంతా నేస్తే వచ్చే కూలి ఆ వారం గంజికే చాలదు. నీళ్ళంటారా, ఈ ఇసుకలో కొద్దిగా తవ్వితే చాలు, తియ్యటి నీరు ఊరుతుంది. ఈ తీరమంతా దొరువులు తవ్వుకుని, కావిడి కుండలతో మొక్కకు ఇంతని పోసుకుని బతికిన నేల. లేని దాహానికి పదింతల పన్నా అని వాళ్ళు అడిగారు.

ముందు అడగాల్సిన పద్ధతిలోనే అడిగారు. పన్ను చెల్లింపుదారులు సంఘం కట్టారు. అర్జీలు పెట్టారు. సభలు జరిపారు. మా యూనియన్ మాకు చాలునన్నారు. ఆ మాట మద్రాసులో ఎవరి చెవికీ ఎక్కలేదు. కౌన్సిలర్లు రాజీనామాలు ఇచ్చి బయటికొచ్చేశారు. ప్రభుత్వం జీతమిచ్చి ఒక ఛైర్మన్‌ను తెచ్చి కూర్చోబెట్టింది.

ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఉంది. ఈ వ్యవహారం చూసే శాఖ పేరు స్థానిక స్వపరిపాలన. మంత్రి రామరాయణింగారు, తర్వాత పానగల్లు రాజాగా పేరుపడ్డవారు. స్వపరిపాలన అన్నారు కదా, అందులో 'స్వ' ఎవరు? మద్రాసులోని మంత్రా, జీతానికొచ్చిన ఛైర్మనా, మగ్గం గుంటలో కూర్చున్న మనిషా? చీరాల అడిగింది ఈ ఒక్క ప్రశ్నే.

రైను ఒడ్డున ఒక పడవ

ఈ ప్రశ్న పాతది. ఎంత పాతదో చూడాలంటే ఇక్కడి నుంచి ఎనిమిదిన్నర శతాబ్దాల వెనక్కి, జర్మనీలోని రైను నది ఒడ్డుకు రండి.

1074, ఈస్టర్ పండగ రోజులు. కొలోన్ నగరం. ఆర్చిబిషప్ రెండవ ఆనో ఇక్కడ మతగురువు మాత్రమే కాదు, నగరానికి ఏలిక కూడా. సుంకాలు ఆయనవి, నాణేల ముద్ర ఆయనది, తీర్పు ఆయనది. పండగకొచ్చిన మ్యూన్‌స్టర్ బిషప్ ఇంటికి వెళ్ళాలి, పడవ కావాలి. ఆనో నౌకర్లు రేవులో ఒక వర్తకుడి పడవను పట్టుకుని, సరుకు దించెయ్యమన్నారు. వర్తకుడి కొడుకు కుదరదన్నాడు. స్నేహితులను పోగేసి నౌకర్లను తరిమేశాడు. సాయంత్రానికి అది నగరమంతా పాకింది. జనం బిషప్ భవనం మీద పడ్డారు. ఆనో పెద్ద చర్చిలో తలదాచుకుని, రాత్రి చీకట్లో, కోటగోడకు కొత్తగా తొలిచిన చిన్న ద్వారం గుండా పారిపోయాడు. నాలుగో రోజుకు సైన్యంతో తిరిగొచ్చాడు.

అప్పుడు జరిగినదాన్ని హెర్స్‌ఫెల్డ్ మఠంలో ఉండే లాంపర్ట్ అనే సన్యాసి రాసిపెట్టాడు. 600 మందికి పైగా వర్తకులు రాత్రికి రాత్రి నగరం వదిలి, రాజు దగ్గర మొర పెట్టుకోవడానికి వెళ్ళిపోయారట. చిక్కినవాళ్ళను కొరడాలతో కొట్టారు. ఆ వర్తకుడి కొడుక్కి కళ్ళు తీయించారు. జనంతో కిటకిటలాడిన నగరం పాడుపడినట్టయిందని లాంపర్ట్ రాశాడు. అయినా పోరు ఆగలేదు. తరాలు గడిచి 1288లో వోరింగెన్ యుద్ధంలో కొలోన్ పౌరులు బ్రాబాంట్ డ్యూక్ పక్షాన నిలబడి ఆర్చిబిషప్ సీగ్‌ఫ్రీడ్‌ను ఓడించారు. ఆ తర్వాత ఆర్చిబిషప్పులు తమ పేరున్న నగరంలో కాక, బ్రూల్‌లోనూ బాన్‌లోనూ కాపురం పెట్టాల్సి వచ్చింది.

అక్కడ కత్తులు దూసి, చివరికి ఏలికను ఊరు దాటించారు. చీరాల వాళ్ళ దగ్గర కత్తి లేదు, పక్కన నిలబడే డ్యూక్ లేడు. అందుకని వాళ్ళే ఊరు దాటారు. కొలోన్ వర్తకులు భయంతో చేసిన పనిని వీళ్ళు తెలిసి, లెక్క చూసుకుని, పగటి వెలుగులో చేశారు.

రెండు దారులు

తిరిగి చీరాలకు. 1921 జనవరి.

పన్ను కట్టబోమని ఊరు తేల్చిచెప్పింది. బిళ్ళ బంట్రోతులు ఇళ్ళమీదికొచ్చారు. కేసులు పెట్టారు. కచేరీ ముందు చెట్టు కింద జనం గుమిగూడి ఉన్నారు, ఎవరూ అరవడం లేదు. లోపల్నుంచి ఒక్కొక్కరే బయటికొస్తున్నారు, వెనక పోలీసు. 12 మందికి జైలుశిక్ష పడింది. వారిలో ఒకామె రావూరి అలివేలమ్మ. పన్ను కట్టనని జైలుకు పోతున్న ఆడమనిషిని ఈ వీధి అంతకుముందు చూడలేదు. అలివేలమ్మను తీసుకుపోయిన రోజున ఈ గొడవ కౌన్సిలర్లదీ కరణాలదీ కాకుండా పోయింది. ప్రతి పొయ్యి దగ్గరా అదే మాట.

మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. గాంధీ అక్కడి నుంచి ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. ఆ ఎండలో, ఆ జనంలో నిలబడి వినండి. ఆయన చీరాలకు ఏ తేలిక మాటా చెప్పలేదు. రెండు దారులున్నాయన్నారు. ఇక్కడే ఉండి, పన్ను కట్టక, సర్కారు ఏం చేసినా చెయ్యెత్తక భరించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం రెండోది. ఏది ఎంచుకున్నా మీ కాళ్ళ మీదే నిలబడాలి, కాంగ్రెస్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు అని కూడా చెప్పారు.

రెండో దారి ఈ నేలకు కొత్త కాదు. పన్నుల బరువు మోయలేక రైతులు ఊళ్ళు విడిచి పోయిన సంగతులు విజయనగరం కాలపు శాసనాల్లోనూ కనిపిస్తాయి. కానీ అది బతకలేక పోవడం. చీరాల ఎంచుకున్నది తలెత్తుకుని పోవడం.

ఆ తల ఎత్తించిన మనిషిని చూడాలి మీరు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టారు, అప్పటికి ముప్పై రెండేళ్ళు కూడా నిండలేదు. ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, 1917లో దాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. అంత చదువూ తీసుకొచ్చి ఈ ఇసుక వీధుల్లో పరిచారు. ఆయన కూడగట్టిన రామదండులో వెయ్యిమంది దాకా ఉన్నారు. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట సిందూరం. చేతిలో ఆయుధం ఉండదు. రాముడి వానరసేనను తలచుకుని పెట్టిన ఆ పేరు పల్లెటూరి మనిషికి వెంటనే తెలిసిపోతుంది, వారధి కట్టిన దండని.

అదిగో చూడండి, ఈ ఏప్రిల్ తెల్లవారుజామున బండ్ల బారుకు అటూ ఇటూ నడుస్తున్నది వాళ్ళే. చక్రం ఇసుకలో దిగబడితే భుజం ఆనిస్తున్నారు. ముసలివాళ్ళను ఎత్తి బండెక్కిస్తున్నారు. తొందరపడే బండివాణ్ణి "నెమ్మదన్నా, అందరం పోయేదే" అని ఆపుతున్నారు.

రామనగర్

హద్దు అవతల, ఖాళీ నేల. తాటాకు, వెదురు, కొబ్బరి మట్టలు. వారాల్లో అక్కడొక ఊరు లేచింది. పేరు రామనగర్.

మే ఆఖరులో అక్కడికి రండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. తాటాకు కప్పు కింద ఆ ఎండ ఎంతో కొంత వడకట్టి దిగుతుందే గానీ ఆగదు. మధ్యాహ్నం గాలి వీస్తే ఇసుక కంచంలో పడుతుంది. మనం మొదట చూసిన నేతగాడు ఇక్కడ కొత్త గుంట తవ్వుతున్నాడు. చీరాల ఇంట్లోలాగా గట్టి నేల కాదిది, మూరెడు దిగేసరికి అంచులు జారి కూలిపోతున్నాయి. తాటి చెక్కలు దాపు పెట్టి మళ్ళీ తవ్వుతున్నాడు. మూడోసారికి నిలబడింది. కాళ్ళు దించి కూర్చున్నాడు. పక్క పాకలోంచి నాడె చప్పుడు, దాని పక్క పాకలోంచి ఇంకోటి. ఆ సాయంత్రం రామనగర్‌లో మొదటిసారి ఊరి చప్పుడు వినిపించింది.

చీకటి పడ్డాక సభ. రామనగర్ తన పాలన తాను చూసుకుంటోంది. ప్రతి కులం నుంచీ ప్రతినిధులను ఎన్నుకుని ఒక సభ ఏర్పాటు చేసుకున్నారు. తగాదాలు తీర్చడానికి మధ్యవర్తుల న్యాయస్థానం పెట్టుకున్నారు. బ్రిటిషు కచేరీకి ఎవరూ పోవడం లేదు. ఈ సభలో ఎవరు మాట్లాడినా ఎదురుగా కూర్చున్న మనిషి వాళ్ళ పాక పక్క పాకలో ఉండేవాడే. మొన్నటిదాకా ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టని కులాలు ఇప్పుడు ఒకే తాటాకుల వరుసలో కాపురముంటున్నాయి. పాత అడ్డుగోడలన్నీ కూలిపోయాయని నేను చెప్పను. కానీ అందరూ ఒకే ఎండను పంచుకున్నారు, ఒకే సభలో కూర్చున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఆ రాత్రే హద్దు ఇవతలికి, ఖాళీ చీరాలకు నడిచి రండి. నేతపేట వీధిలో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. గడపల మీద పసుపు వెలిసింది. గుమ్మాల్లో సాలెపురుగులు గూళ్ళు కట్టాయి. మునిసిపాలిటీ కచేరీలో పన్నుల పుస్తకం ఉంది, అందులో ఇంటి తర్వాత ఇల్లు వరుసగా రాసి ఉంది. తలుపు తట్టి డబ్బడగడానికి మాత్రం ఆ ఇళ్ళలో మనిషి లేడు. మునిసిపాలిటీకి కావలసినవన్నీ ప్రభుత్వం సమకూర్చింది, హద్దులు, ఛైర్మన్, చట్టం. ఊరిని మాత్రం సమకూర్చలేకపోయింది. ఎందుకంటే ఊరు హద్దు అవతల తాటాకు పాకల్లో నిద్రపోతోంది.

పదకొండు నెలలు

ఎండాకాలం గడిచింది. వానలొచ్చాయి. కార్తీకంలో ఈ తీరం మీద వాయుగుండాలు ఎలా విరుచుకుపడతాయో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తడిసిన తాటాకు నుంచి రాత్రంతా నీరు కారుతుంటే పడుగు ఎక్కడ ఆరబెట్టాలి? తడి నేలలో మగ్గం గుంటకు నీరు ఊరితే కాలు ఎక్కడ పెట్టాలి? పిల్లలకు జ్వరాలు. పనులు తగ్గాయి. దాచుకున్న నాలుగు గింజలూ అయిపోయాయి. గాంధీ తన యంగ్ ఇండియా పత్రికలో చీరాల, పేరాలల గురించి రాశారు. దేశం ఇటు చూసింది. కానీ చూపుతో కడుపు నిండదు.

డబ్బు కూడగట్టడానికి గోపాలకృష్ణయ్య ఊళ్ళు తిరిగారు. అలా బరంపురం చేరినప్పుడు, మాట్లాడకూడదని ప్రభుత్వం ఆయనకు నిషేధం పెట్టింది. ఆయన మాట్లాడారు. ఏడాది జైలు. తిరుచినాపల్లి జైలుకు పంపారు.

కబురు రామనగర్ చేరిన రాత్రి ఏ పాకలోనూ పెద్దగా మాటలు లేవు. దండు ఉంది, దళపతి లేడు. అయినా వెంటనే చెదరలేదు. పాకలు సరిచేసుకున్నారు, సభ నడుపుకున్నారు, చలికాలం దాటించారు. ఆ చలికాలంలోనే ఇదే మైదానంలో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నిలబడి భూమిశిస్తు ఆపేశారు. పల్నాడులో అడవి పుల్లరి మీద పోరాడిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకీ గుళ్ళకు నేలకొరిగాడు. అదే నెలలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపారు. దేశమంతటా గాలి పడిపోయింది.

పదకొండు నెలలు. 1922 మొదట్లో రామనగర్ పాకలు ఒక్కొక్కటే విప్పారు. బండ్లు మళ్ళీ కట్టారు. ఈసారి ఎద్దుల మూతులు చీరాల వైపు. మునిసిపాలిటీ అక్కడే ఉంది, పన్ను అక్కడే ఉంది. గోపాలకృష్ణయ్య జైలు నుంచి వచ్చాక ఎక్కువకాలం బతకలేదు. 1928 జూన్ 10న, నలభై ఏళ్ళు నిండకుండానే, క్షయ ఆయనను తీసుకుపోయింది. ఆంధ్రరత్న అని జనం ఇచ్చిన బిరుదే ఆయన మిగుల్చుకున్న ఆస్తి.

ఓడిపోయారా అంటే, పన్ను లెక్కలో ఓడిపోయారు. దాన్ని దాచడం ఆ పదమూడు వేల మంది పడ్డ కష్టానికి అవమానం. కానీ చదువురాని నేతగాళ్ళకు పరిపాలన చేతకాదన్న మాటను వాళ్ళు పదకొండు నెలల పాటు తాటాకు కింద నిలబడి కాదన్నారు. తమ సభ తాము పెట్టుకున్నారు, తమ తగాదా తాము తీర్చుకున్నారు, ఒక్క రాయి విసరలేదు. అడగకుండా గీసిన గీత లోపల ఉండబోమని చెప్పడానికి ఇల్లూ వాకిలీ వదిలారు. ఈ రోజు మన ఊళ్ళ హద్దులు, మన వీధుల పేర్లు, మన నేల మీద కట్టే నగరాలు ఎక్కడో కాగితం మీద తేలిపోతున్నప్పుడు నాకు ఆ బండ్ల బారు గుర్తొస్తుంది. మమ్మల్ని అడిగారా అన్న మాట ఈ నేలలో ఎవరు పలికినా, ఆ గొంతులో కొంత చీరాలది.

చివరగా నేతపేటలోని ఆ ఇంటికి రండి. నేతగాడు తలుపు తోశాడు. లోపల మసక. గుంట నిండా దుమ్ము, ఎండుటాకులు, ఏదో పిట్ట వదిలిన ఈకలు. చేత్తో తోడి పోశాడు. అడుగున నేల గట్టిగా, నున్నగా, వదిలిన చోటే ఉంది. గంపలోంచి నాడె తీసి పక్కన పెట్టాడు. ముసలమ్మ గూట్లో ప్రమిద తుడిచి, చమురు పోసి, వత్తి వేసింది. దీపం వెలిగాక ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. పక్కింట్లోనూ దీపం వెలిగింది. తెల్లవారేసరికి వీధిలో పడుగు పరిచారు.